పాయింట్ లోబోస్ గట్టు మీద మీరు చూసిన ఎర్ర పువ్వు ఏది? ఆకు చూసి చెప్పాలి

తర్వాత చదివేవాళ్లకి అర్థం కావాలని మీ ప్రశ్న క్లుప్తంగా మళ్లీ రాస్తున్నాను. మార్చి చివర్లో మీరు, మీ ఆయన, ఊరి నుంచి వచ్చిన మీ అత్తమ్మ గారు కలిసి కాలిఫోర్నియాలో కార్మెల్ దగ్గరున్న పాయింట్ లోబోస్‌కి వెళ్లారు. సముద్రం వైపు గట్టు అంచున మోకాలెత్తు పొదలో ఎర్రటి పూలు కనిపించాయి. అత్తమ్మ గారు చూడగానే "ఇది మన గునుగే, రంగే ఎర్రగున్నది" అన్నారు. ఫోన్‌లో యాప్ ఒకసారి ఒక పేరు, ఇంకోసారి ఇంకో పేరు చూపించింది. మూడు ఫొటోలు పెట్టి మూడు విషయాలు అడిగారు: ఇది ఏ పువ్వు, గునుగు జాతేనా, విత్తనం దొరికితే శాన్ హోసేలో మీ పెరట్లో పెంచుకోవచ్చా అని.

ముందు సూటిగా జవాబు. అది కాస్టిలేజా. ఇక్కడ అందరూ పెయింట్‌బ్రష్ అంటారు, మా ఇంట్లో పిల్లలకి కుంచె పువ్వు అని అలవాటు చేశాను. అందులో మీరు చూసింది కాస్టిలేజా లాటిఫోలియా అయి ఉంటుందని నా అంచనా. మాంటెరే తీరంలో, దాని చుట్టుపక్కల కొద్ది మేరలో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా పెరగని మొక్క అది. గునుగుకి చుట్టం కాదు. పెరట్లో పెంచే సంగతి చివర్లో చెబుతాను, ఎందుకంటే ఈ మొక్క ఎలా బతుకుతుందో తెలిశాక గానీ ఆ జవాబు సరిగ్గా అర్థం కాదు.

అంచనా అన్నాను గానీ ఖాయం అనలేదు. దానికి కారణం మీ ఫొటోలే. రెండు ఫొటోల్లో పూల తల చక్కగా వచ్చింది. మూడోది ఆకుల ఫొటో, గాలికి కదిలిపోయింది. ఈ మొక్కల విషయంలో పువ్వు ఫొటోలు వంద ఉన్నా పేరు తేలదు. ఒక్క ఆకు స్పష్టంగా కనిపిస్తే సగం పని అయిపోతుంది. మీ మూడో ఫొటోని పెద్దది చేసి చూస్తే ఆకులు పొట్టిగా, గుండ్రంగా, కాస్త మందంగా ఉన్నట్టు కనిపిస్తున్నాయి. నేను లాటిఫోలియా అనడానికి ఉన్న ఆధారం అదొక్కటే.

అత్తమ్మ గారు గునుగు అన్నందుకు ఎవరైనా నవ్వితే ఒప్పుకోకండి. ఆవిడ చూసింది సరిగ్గానే చూశారు. గునుగులో మనం పువ్వు అని కోసుకొచ్చేది నిజానికి ఒక కంకి. చిన్న చిన్న పూలు, వాటి చుట్టూ కాగితంలా ఎండిన పొరలు, అన్నీ కలిసి ఒక కుచ్చు. కుంచె పువ్వు కూడా అలాంటి కంకే, కింది నుంచి పైకి విచ్చుకుంటూ పోతుంది. ఏళ్ల తరబడి బతుకమ్మకి గునుగు కోసిన చెయ్యి ఆ పోలికని వెంటనే పట్టుకుంది. కాకపోతే గునుగు తోటకూర కుటుంబానిది. కుంచె పువ్వుది ఒరోబాంకేసీ అనే వేరే కుటుంబం. పేరు కొత్తగా ఉంది గానీ ఆ కుటుంబంతో మన రైతులకి పాత పరిచయమే, అదీ ఏమంత మంచి పరిచయం కాదు.

మాది ప్రకాశం జిల్లాలో పొగాకు పండే ఊరు. సంక్రాంతి దాటాక పొగాకు మొక్కల మొదళ్ల దగ్గర నేల చీల్చుకుని మల్లె లేచేది. సువాసన మల్లె కాదు, పొగాకు మల్లె, బోడు అని కూడా అంటారు. ఒంట్లో ఎక్కడా పచ్చదనం ఉండదు. లేత పసుపు కాడ, దాని మీద నీలం ఊదా కలిసిన పూలు. చిన్నప్పుడు సెలవు రోజు వస్తే నాన్న మమ్మల్ని సాళ్లలోకి దింపేవారు, గింజ కట్టక ముందే మల్లెని పీకి గోతంలో వేసుకుని తెచ్చి తగలబెట్టాలి. గింజ దుమ్ములా ఉంటుంది. ఒకసారి నేలలో పడిందంటే ఏళ్ల తరబడి అక్కడే పడి ఉండి, పొగాకు వేరు దగ్గరికి రాగానే మొలుస్తుంది. ఒకసారి నేను మొక్కతో సహా తవ్వి చూశాను. మల్లె అడుగున గడ్డలా ఉబ్బి, పొగాకు వేరుకి ఎక్కడ అతుక్కుందో, ఏది ఎవరి వేరో తెలియకుండా కలిసిపోయి ఉంది. ముప్పై ఏళ్ల తర్వాత కాలిఫోర్నియాలో ఒక పూల పుస్తకం తిరగేస్తూ, ఈ ఎర్ర పువ్వూ ఆ మల్లే ఒకే కుటుంబం అని చదివినప్పుడు నాకు గుర్తొచ్చింది ఆ వేరే.

అయితే కుంచె పువ్వు పొగాకు మల్లె అంత పూర్తిగా పరాధీనం కాదు. దీనికి పచ్చని ఆకులున్నాయి, తన ఆహారం కొంత తనే చేసుకుంటుంది. జొన్న చేలో వచ్చే జొన్న మల్లె చూసినవాళ్లకి ఇది తేలిగ్గా అర్థమవుతుంది, అదీ ఇదే కుటుంబం, అదీ పచ్చగానే ఉండి జొన్న వేరుని పట్టుకుంటుంది. మామిడి కొమ్మల మీద బదనిక తెలుసు కదా, కుటుంబం వేరైనా బతికే తీరు అదే. మన శ్రీగంధం చెట్టు కూడా అంతే. గంధం నాటే రైతులు పక్కన కంది వేసేది ఊరికే కాదు, గంధం వేరు కంది వేరుని పట్టుకుని పెరగడానికి. కుంచె పువ్వు వేళ్లకి చిన్న చిన్న చూషకాలు ఉంటాయి. అవి నేల కింద పక్క మొక్క వేళ్లలోకి దిగి నీరు, లవణాలు, కొంత తయారైన ఆహారం కూడా లాక్కుంటాయి. గడ్డి జాతులు, ఇక్కడ పెరిగే సేజ్‌బ్రష్, బక్‌వీట్ పొదలు, లూపిన్ మొక్కలు ఇలా దీనికి ఫలానా మొక్కే కావాలన్న పట్టింపు పెద్దగా లేదు. లూపిన్ వేరు దొరికితే లూపిన్‌లో ఉండే చేదు ఆల్కలాయిడ్లు కూడా దీని ఒంట్లోకి వచ్చేస్తాయి, ఆకు తినే పురుగులు అప్పుడు దీని జోలికి తక్కువ వస్తాయి. దీన్ని నోట్లో పెట్టుకోవద్దని నేను పిల్లలకి చెప్పడానికి అదొక కారణం. నేలలో సెలీనియం ఉంటే దాన్ని కూడా ఒంట్లో పోగు చేసుకునే గుణం ఈ జాతికి ఉంది.

ఇక పువ్వు దగ్గరికి. మీరు ఎర్రగా చూసినదానిలో ఎక్కువ భాగం పువ్వే కాదు. మన కాగితం పూల చెట్టు గుర్తు తెచ్చుకోండి. గులాబీ రంగులో పల్చగా కనిపించేవి ఆకులే, అసలు పువ్వు మధ్యలో తెల్లగా సన్నగా ఉంటుంది. ఇక్కడా అంతే. ఎర్ర కొసలతో చీలికలు చీలికలుగా ఉన్నవి పుచ్ఛాలు, అంటే పువ్వుకి కింద కాపు కాసే ఆకులు. ఒక్కో పుచ్ఛం ఒళ్లో ఒక్కో పువ్వు ఉంటుంది.

ఈసారి వెళ్లినప్పుడు కోయకుండా, వేలితో ఒక్క పుచ్ఛాన్ని మెల్లగా కిందికి వంచి చూడండి. లోపల ఒక గొట్టం, దాని అంచు నాలుగు చీలికలు, అదీ ఎరుపే. అది రక్షకపత్రావళి. దాని లోపల నుంచి ఇంకో సన్నటి గొట్టం బయటికి వస్తుంది, ఈసారి ఆకుపచ్చ. పై పెదవి పిట్ట ముక్కులా పొడుగ్గా సాగి ఉంటుంది, దాని అంచులకి సన్నగా ఎర్ర గీత. కింది పెదవి ఉందో లేదో అన్నంత చిన్నది, ముదురాకుపచ్చ బొడిపెలు మూడు, అంతే. ముక్కు లోపల నాలుగు కేసరాలు దాక్కుని ఉంటాయి. ముక్కు కొస దాటి గుండుసూది తల లాంటిది ఒకటి బయటికి పొడుచుకొస్తుంది, అది కీలాగ్రం. మొదటిసారి ఇది చూసిన ప్రతివాళ్లూ కాసేపు మాట్లాడరు. ఎర్ర కుచ్చులో అసలు పువ్వు ఆకుపచ్చగా ఉండటం ఎవరూ ఊహించరు.

ఈ ఏర్పాటంతా హమ్మింగ్‌బర్డ్ కోసం. గొట్టం అడుగున తేనె ఉంటుంది, పొడుగు ముక్కు ఉన్న పిట్టకే అందుతుంది. పిట్ట ముక్కు దూర్చినప్పుడు పుప్పొడి దాని నుదుటికి అంటుతుంది, తర్వాతి పువ్వులో ముందుకొచ్చి ఉన్న కీలాగ్రానికి తగులుతుంది. ఆలెన్స్ హమ్మింగ్‌బర్డ్ అనే చిన్న పిట్ట మెక్సికో నుంచి జనవరి, ఫిబ్రవరి నెలల్లో ఈ తీరానికి చేరుతుంది. మీరు వెళ్లిన రోజుల్లో అది ఇక్కడే ఉంటుంది. ఎర్ర పొద దగ్గర పది నిమిషాలు కదలకుండా నిలబడితే చాలాసార్లు వస్తుంది, ముందు రెక్కల శబ్దం వినిపిస్తుంది.

పిట్టని పిలిచే ఆ ఎరుపే మనల్ని తప్పుదోవ పట్టిస్తుంది. కాస్టిలేజాలో దాదాపు 200 జాతులున్నాయి, ఎక్కువ భాగం అమెరికా పడమటి వైపే. వాటిలో ఎరుపువి బోలెడు. పైగా ఒకే జాతిలో ఒక మొక్క ఎర్రగా, పక్కది నారింజగా, ఇంకోటి పసుపుగా పూయవచ్చు. నేను ఈ తీరం కొండల్లో తిరగడం మొదలుపెట్టిన మొదటి రెండేళ్లు రంగు చూసి పేరు చెప్పేవాణ్ని. ఒక ఆదివారం పూల నడకలో ఒక పెద్దావిడ, చాలా ఏళ్లుగా మొక్కలు చూస్తున్న మనిషి, నేను పేరు చెప్పగానే ఏమీ అనకుండా మోకాళ్ల మీద కూర్చుంది. పువ్వు వైపు చూడనే లేదు. కాండం మధ్యలో ఉన్న ఒక ఆకు కింద చూపుడు వేలు పెట్టి పైకెత్తి నాకు చూపించింది. "ముందు ఇది చూడు, ఆ తర్వాత కిందికి చూడు, అన్నిటికంటే చివర పువ్వు చూడు" అంది. అప్పటి నుంచి నా వరస అదే.

అందుకే ముందు ఆకు. మీరు వెళ్లిన చోట తేల్చుకోవలసింది ముఖ్యంగా రెండు జాతుల మధ్య. ఒకటి లాటిఫోలియా, ఇంకోటి కాస్టిలేజా అఫినిస్, దాన్ని కోస్ట్ పెయింట్‌బ్రష్ అంటారు. రెండింటికీ పేర్లు పెట్టింది హుకర్, ఆర్నాట్ అనే ఇద్దరు బ్రిటిష్ వృక్షశాస్త్రజ్ఞులే. ఆ లాటిన్ పేర్లలోనే గుర్తు ఉంది. లాటిఫోలియా అంటే వెడల్పాకుది. అఫినిస్ అంటే దగ్గరి పోలిక ఉన్నది, చుట్టం లాంటిది. లాటిఫోలియా ఆకు అర సెంటీమీటరు నుంచి రెండు సెంటీమీటర్ల లోపే ఉంటుంది, చిటికెన వేలి గోరు పక్కన పెడితే అటూ ఇటూగా సరిపోతుంది. కొస గుండ్రం, మందంగా, ముట్టుకుంటే గంగవాయిలు కూర ఆకుని తలపించే కండ. మొక్క చాలా కొమ్మలు వేసి గుబురుగా, బూడిద కలిసిన పచ్చగా కనిపిస్తుంది. ఉప్పుగాలి నేరుగా తగిలే ఇసుక, గట్ల మీద ఉంటుంది. అఫినిస్ ఆకు పొడుగు, రెండు నుంచి ఎనిమిది సెంటీమీటర్ల దాకా వస్తుంది, ఈటె మొనలా కొసకి సన్నబడుతుంది, పై ఆకులకి పక్కల ఒకటో రెండో చీలికలు కూడా ఉండవచ్చు. మొక్క నిటారుగా, తక్కువ కొమ్మలతో, చాలాసార్లు సేజ్‌బ్రష్ పొద మధ్యలో నుంచి తల పైకెత్తి ఉంటుంది. అఫినిస్ విస్తారం కూడా ఎక్కువే, ఉత్తర కాలిఫోర్నియా నుంచి మెక్సికోలోని బాహా దాకా. అందువల్ల ఎక్కడో లాస్ ఏంజెలెస్ దగ్గర తీసిన ఫొటోకి నేను లాటిఫోలియా అనే మాటే ఎత్తను.

ఆకు తర్వాత నూగు. దీనికి పది రెట్లు పెద్దది చేసి చూపించే చిన్న భూతద్దం కావాలి, నగల షాపుల్లో వాడే రకం, పెద్ద ఖర్చేం కాదు. అది లేకపోతే ఎండకి ఎదురుగా ఆకు అంచుని పెట్టి ఫొటో తీయండి, నూగు వెలుగులో మెరుస్తుంది. వెంట్రుకల కొసన చిన్న మెరిసే బిందువు ఉంటే అవి జిగట గ్రంథులు. మొక్కంతా చేతికి అంటుకునేంత జిగటగా ఉంటే కాస్టిలేజా వైటియై అనే మూడో జాతిని అనుమానించాలి. శాన్ మాటియో తీరం, పాయింట్ రేయెస్ వైపు వెళ్లేవాళ్లకి అది ఎక్కువ ఎదురవుతుంది, పసుపు పూలవి కూడా అక్కడ మామూలే. అలాకాకుండా మొక్కంతా ఉన్ని కప్పినట్టు తెల్లగా ఉంటే, భూతద్దంలో వెంట్రుకలు కొమ్మలు కొమ్మలుగా చీలి కనిపిస్తే అది ఫోలియోలోసా, ఊలీ పెయింట్‌బ్రష్. అది సముద్రపు గట్టు కంటే లోపలి పొడి కొండల మీద ఎక్కువ.

ఇంకో గుర్తు రక్షకపత్రం చీలిక. ముందు వైపు చీలిక లోతుగా ఉండి, పక్కల చీలికలు పొట్టిగా ఉంటే ఆకుపచ్చ ముక్కు ఆ సందులో నుంచి ముందుకి వంగి బయటపడుతుంది. బే ఏరియాలో ఉండే ఫ్రాన్సిస్కన్ పెయింట్‌బ్రష్‌ని అలా పట్టుకుంటారు. కొత్తలో దీని గురించి బుర్ర పాడు చేసుకోనక్కర్లేదు.

ఇన్ని చూశాక కూడా కొన్ని మొక్కలు లొంగవు. కాస్టిలేజాలు ఒకదానితో ఒకటి కలిసి హైబ్రిడ్లు వేస్తాయి. కొన్ని జాతుల్లో క్రోమోజోముల సంఖ్య రెట్టింపై, ఆ రెట్టింపైనవి మళ్లీ కలుస్తాయి. రెండు జాతులు కలిసే చోట పొట్టి ఆకూ కాని, పొడుగు ఆకూ కాని మొక్క కనిపిస్తే "కాస్టిలేజా" అని రాసి ఆగిపోవడమే నిజాయితీ. యాప్ మీకు రెండు పేర్లు చెప్పడం దాని తప్పు కాదు, దానికి మీరు పువ్వే చూపించారు. ఐనాచురలిస్ట్ అనే యాప్ 2008లో బర్కిలీ యూనివర్సిటీ విద్యార్థుల ప్రాజెక్టుగా మొదలైంది, నేను రోజూ వాడతాను, మెచ్చుకుంటాను. కానీ ఫొటో ఎక్కించగానే అది చూపించే మొదటి పేరుని నొక్కేయకండి. కాస్టిలేజా అన్న దగ్గరే ఆపి, ఆకు, నూగు, చుట్టుపక్కల ఫొటోలు కలిపి పెడితే తెలిసినవాళ్లు చూసి పేరు చెబుతారు. తర్వాత జెప్సన్ హెర్బేరియం (ఎండు మొక్కల నమూనాలు దాచే చోటు) వాళ్ల ఆన్‌లైన్ ఫ్లోరాలో, అంటే కాలిఫోర్నియా మొక్కల వివరాల పుస్తకంలో, వర్ణనతో సరిపోల్చుకోండి. అది కూడా బర్కిలీదే, ఉచితం.

పోలికతో పొరపడే మొక్కలు వేరే కొన్ని ఉన్నాయి. ఓక్ చెట్ల నీడలో, జనవరి నుంచే, ముదురు ద్రాక్ష రంగు ఎరుపులో పూసి, ఆకులు ఫెర్న్‌లా చీలి ఉంటే అది ఇండియన్ వారియర్. ఇదే కుటుంబం, ఇదీ వేళ్లు పట్టుకునే రకమే. గడ్డి మైదానాల్లో జానెడు ఎత్తున గులాబీ ఊదా రంగులో గుంపులుగా పూసేది ఔల్స్ క్లోవర్, ఇది కాస్టిలేజాయే గానీ ఒక్క సీజన్ బతికే ఏకవార్షికం. ఇంకో మాట, ఇండియన్ పెయింట్‌బ్రష్ అన్న పేరు చూసి మన దేశపు మొక్క అనుకున్నవాళ్లు నన్ను చాలామంది అడిగారు. ఆ ఇండియన్ అంటే ఇక్కడి ఆదివాసులు. కాస్టిలేజా అన్నది కూడా మనిషి పేరే, స్పెయిన్‌లోని కాదిజ్‌కి చెందిన వృక్షశాస్త్రజ్ఞుడు దొమింగో కాస్తియేహో పేరు మీద పెట్టింది.

ఫొటోలు ఎలా తీయాలో చెబుతాను, మళ్లీ వెళ్తానన్నారు కాబట్టి. మొక్క మొత్తం పడేలా ఒకటి. కాండం మధ్య ఆకు పక్కన మీ చిటికెన వేలు పెట్టి ఒకటి, కొలత తెలుస్తుంది. వెలుగుకి ఎదురుగా నూగు ఒకటి. పూల తల పక్క నుంచి ఒకటి, పై నుంచి తీస్తే ముక్కు కనపడదు. చివరగా చుట్టూ రెండడుగుల మేర ఏమేం మొక్కలున్నాయో ఒకటి. పక్కనున్నదాని వేరునే పట్టుకుందని తవ్వకుండా చెప్పలేం గానీ, అది సేజ్‌బ్రష్ పొదా, ఇసుక గట్టా, గడ్డి నేలా అన్నది తెలిస్తే నాకు చాలు. సముద్రపు గాలి పొద్దెక్కే కొద్దీ పెరుగుతుంది, ఉదయమే వెళితే ఆకు కదలదు.

వంగేముందు ఒక్క జాగ్రత్త. ఆ గట్టంతా పాయిజన్ ఓక్ ఉంటుంది, మూడేసి ఆకులు కలిసి, వసంతంలో ఎర్రగా నిగనిగలాడుతూ. అది మామిడి, జీడి కుటుంబానిదే. చాకలి బట్టల మీద గుర్తు పెట్టడానికి వాడే నల్లజీడి రసం తగిలితే ఒళ్లు ఎలా పొక్కుతుందో పెద్దవాళ్లకి తెలుసు, ఇదీ అలాగే పొక్కుతుంది. అత్తమ్మ గారికి ఆ పోలిక చెబితే ఇంకేం వివరించనక్కర్లేదు. పాయింట్ లోబోస్‌లో దారి పక్కన తీగలు కట్టి ఉంటాయి, వాటిని దాటకండి. అంచు మట్టి వదులు, కింద రాళ్లు. దారి పక్కనే కావలసినన్ని మొక్కలున్నాయి.

ఇప్పుడు పెంచే సంగతి. అడవి నుంచి విత్తనం గానీ, మొక్క గానీ, పువ్వు గానీ తేవద్దు. పాయింట్ లోబోస్ స్టేట్ రిజర్వ్, అక్కడ కోయడం నిషేధం. బయట కూడా సొంతదారు రాతపూర్వక అనుమతి లేకుండా కోయడం కాలిఫోర్నియా చట్టం ప్రకారం నేరం. చట్టం సంగతి పక్కన పెట్టినా, తవ్విన క్షణమే ఆ మొక్క పని అయిపోతుంది, పక్క వేళ్లతో ఉన్న బంధం తెగిపోతుంది కదా. పైగా లాటిఫోలియాని కాలిఫోర్నియా నేటివ్ ప్లాంట్ సొసైటీ తక్కువ పరిధిలో మాత్రమే పెరిగే మొక్కల జాబితాలో పెట్టింది. దక్షిణాఫ్రికా నుంచి తెచ్చి నాటిన ఐస్ ప్లాంట్ ఈ తీరమంతా దుప్పటిలా పరుచుకుని ఇలాంటివాటి చోటు ఆక్రమిస్తోంది. దీని చుట్టాల్లో టిబురాన్ పెయింట్‌బ్రష్ అనేది 1995 నుంచి ఫెడరల్ అంతరించే జాతుల జాబితాలో ఉంది. అయితే మంచి కబురు కూడా ఉంది. వాషింగ్టన్, ఆరెగన్ వైపు ఉండే గోల్డెన్ పెయింట్‌బ్రష్ 1997లో అలాంటి ముప్పు జాబితాకి ఎక్కి, విత్తనాలు చల్లి, పచ్చిక నేలల్ని బాగు చేసిన తర్వాత 2023లో ఆ జాబితా నుంచి బయటపడింది. ఆ వార్త చదివిన రోజు నాకు చాలా సంతోషమేసింది.

నర్సరీలో కొన్న అఫినిస్ విత్తనంతో నేను రెండుసార్లు ప్రయత్నించాను. మొదటిసారి ఒక్కదాన్నే కుండీలో చల్లాను. మొలకలు వచ్చాయి, నాలుగేసి ఆకులు వేశాయి, వేసవి రాగానే ఒక్కొక్కటే వాడిపోయాయి. రెండోసారి డిసెంబరులో, ముందే వేళ్లూనిన సేజ్‌బ్రష్ మొదట్లో చల్లి వానకి వదిలేశాను. రెండు మొక్కలు నిలిచాయి, రెండో వసంతంలో ఒకటి పూసింది. మీది శాన్ హోసే, వేసవి ఎండ ఎక్కువ, సముద్రపు పొగమంచు లేదు. లాటిఫోలియా మీ పెరట్లో సుఖపడదు. ప్రయత్నించాలని ఉంటే ఔల్స్ క్లోవర్ తీసుకోండి, ఇక్కడి గడ్డి మొక్కలతో కలిపి శీతాకాలం వానలకి ముందు చల్లండి. మీ ఊరికి దక్షిణాన కోయోటీ రిడ్జ్ మీద ఇది సహజంగానే పూస్తుంది, 1987 నుంచి రక్షిత జాబితాలో ఉన్న బే చెకర్‌స్పాట్ సీతాకోకచిలుక పిల్లలు తినే మొక్కల్లో ఇదొకటి. హమ్మింగ్‌బర్డ్ కావాలంటే హమ్మింగ్‌బర్డ్ సేజ్ నాటండి, సులువుగా బతుకుతుంది.

అత్తమ్మ గారి గునుగు మాత్రం మీ పెరట్లో బ్రహ్మాండంగా వస్తుంది. సెలోసియా అర్జెంషియా అని అడిగి విత్తనం కొనండి, మే నెలలో రాత్రుళ్లు వెచ్చబడ్డాక ఎండ తగిలే చోట పల్చగా చల్లండి. బతుకమ్మ నాటికి తెల్లటి కంకులు చేతికొస్తాయి. పాయింట్ లోబోస్‌కి మళ్లీ వెళ్లినప్పుడు చిటికెన వేలు పక్కన పెట్టిన ఆ ఆకు ఫొటో ఇక్కడ పెట్టండి, లాటిఫోలియా అవునో కాదో అప్పుడు ఖాయంగా చెబుతాను.